స్కాన్‌లో కనిపించే ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు

ముందుగా ఒక కుటుంబం కథ చెప్పుకుందాం. ఇది ఫలానా వారి ఇంట్లో జరిగినది కాదు. విషయం తేలికగా అర్థం కావడానికి చెబుతున్న ఉదాహరణ మాత్రమే.

పదో తరగతి చదివే అబ్బాయికి మోకాలి పై ఎముకలో క్యాన్సర్ వచ్చింది. ఛాతీ పైభాగంలో చర్మం కింద పోర్టు అమర్చి కీమోథెరపీ మొదలుపెట్టారు. ఆపరేషన్ అయింది. మందులు సగానికి పైగా పూర్తయ్యాయి. ఇల్లు కాస్త కుదుటపడుతున్న సమయంలో అబ్బాయికి చలి, వణుకుతో జ్వరం వచ్చింది. మాత్ర వేస్తే తగ్గింది. కొన్ని రోజులకు మళ్ళీ వచ్చింది, మళ్ళీ మాత్రతో తగ్గింది. ఇంతలో ముందే అనుకున్న తేదీకి ఛాతీ సీటీ స్కాన్ తీశారు. రెండు ఊపిరితిత్తుల్లోనూ ఏడెనిమిది గుండ్రని మచ్చలు ఉన్నాయని రిపోర్టు వచ్చింది.

తండ్రి ఆ రిపోర్టు పట్టుకుని వార్డు బయట బెంచీ మీద కూలబడ్డాడు. "ఇంకెందుకురా పసివాడిని సూదులతో పొడిపించడం? ఇంటికి తీసుకుపోదాం పద" అంది నాయనమ్మ.

ఆ సాయంత్రం డ్యూటీలో ఉన్న సిస్టర్ తల్లిని అడిగింది. "అమ్మా, చలి ఎప్పుడు మొదలైంది?"

"ఇక్కడ పోర్టులో మందు ఎక్కించుకుని బయలుదేరాం సిస్టర్. బస్సులోనే వణుకు మొదలైంది."

"మరి రెండోసారి?"

తల్లి ఆలోచించింది. "అదీ పోర్టు కడిగించుకుని వెళ్ళిన రోజే."

సిస్టర్ ఈ సంగతి డాక్టరుగారికి చెప్పింది. పోర్టు నుంచి, చేతి నరం నుంచి విడివిడిగా రక్తం తీసి పరీక్షకు పంపారు. పోర్టులో క్రిములు చేరాయని తేలింది. పోర్టు తీసేసి ఆరు వారాలు యాంటీబయాటిక్ మందులు ఇచ్చారు. తర్వాత తీసిన స్కాన్‌లో మచ్చలు చాలావరకు కరిగిపోయాయి. ఆగిన కీమోథెరపీ మళ్ళీ మొదలైంది.

ఇలా జరగడం తరచుగా చూసేది కాదు. కానీ పిల్లల్లోనూ, యువకుల్లోనూ ఇలాంటి సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. తెలియక ఆ రాత్రే బిడ్డను ఇంటికి తీసుకుపోతే ఏమయ్యేదో ఆలోచించండి. నయం కాగల పిల్లవాడు నయం కాగల ఇన్ఫెక్షన్‌తో చనిపోయేవాడు. అందుకే ఈ సంగతి ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి.

ఈ లైను ఏమిటి? ఎందుకు పెడతారు?

క్యాన్సర్ మందుల్లో కొన్ని చాలా ఘాటైనవి. డాక్సోరుబిసిన్ వంటి మందు చేతి నరంలోంచి బయటకు కారితే అక్కడి చర్మం, కండ పుండు పడిపోతాయి. పైగా నెలల తరబడి రక్తం తీయాలి, సెలైన్ ఎక్కించాలి, రక్తం ఎక్కించాలి. పిల్లల చేతి నరాలు అంతకాలం తట్టుకోలేవు. అందుకని మెత్తటి సన్నని గొట్టాన్ని పెద్ద సిర ద్వారా గుండెకు దగ్గరగా చేరుస్తారు. దీనినే సెంట్రల్ లైను అంటారు.

ఇందులో ముఖ్యంగా మూడు రకాలు ఉన్నాయి. చర్మం కింద చిన్న డబ్బీలా అమర్చేది పోర్టు. ఛాతీ మీద కొస బయటకు కనిపించేది హిక్‌మన్ లైను. మోచేతి పైభాగం నుంచి వేసేది పిక్ లైను. 1973లో బ్రోవియాక్ అనే అమెరికా వైద్యుడు ఇటువంటి గొట్టాన్ని పరిచయం చేశారు. సియాటిల్ నగరంలో పిల్లల వైద్యుడైన హిక్‌మన్ దానిని మార్చి, ఎముక మజ్జ మార్పిడి రోగులకు వాడిన వివరాలను 1979లో ప్రచురించారు. అప్పటి నుంచి క్యాన్సర్ పిల్లల చికిత్స ఎంతో సులువైంది. లైను బిడ్డకు శత్రువు కాదు. అయితే దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి.

లైనులోకి క్రిములు ఎలా చేరతాయి?

మన చర్మం మీద ఎప్పుడూ కొన్ని సూక్ష్మక్రిములు ఉంటాయి. శుభ్రం చేయని చేతులతో లైను మూత ముట్టుకున్నా, మూతను మందుతో తుడవకుండా సూది గుచ్చినా, కట్టు తడిసినా అవి లోపలికి చేరవచ్చు. కుళాయి నీటిలో కూడా కొన్ని మొండి క్రిములు ఉంటాయి. నీళ్ళ కుండను కడగకుండా వదిలేస్తే లోపల పాకుడు పట్టినట్లే, లైను లోపలి గోడకు క్రిములు జిగురు పొర కట్టుకుని అంటుకుంటాయి. ఆ పొరలోకి మందు సరిగా చొరబడదు.

కీమోథెరపీ వల్ల బిడ్డ తెల్ల రక్తకణాలు తగ్గిపోతాయి. క్రిములతో పోరాడే సైన్యం అవే. చీము పట్టాలన్నా ఆ కణాలే కావాలి. కాబట్టి రక్తంలో క్రిములు తిరుగుతున్నా లైను దగ్గర చీము, ఎరుపు, వాపు ఏమీ కనిపించకపోవచ్చు. "పైన శుభ్రంగానే ఉంది కదా" అని నిశ్చింతగా ఉండకూడదు.

ఊపిరితిత్తుల్లో మచ్చలు ఎలా వస్తాయి?

లైను కొస చుట్టూ కొన్నిసార్లు చిన్న రక్తపు గడ్డ కడుతుంది. అందులో క్రిములు చేరి, ముక్కలుగా విడిపోయి రక్తంలో కొట్టుకుపోతాయి. లైను కొస నుంచి రక్తం గుండె కుడి భాగంలోకి, అక్కడి నుంచి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు వడగట్టినప్పుడు జాలిలో మీగడ నిలిచినట్లు, ఈ ముక్కలు ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లో నిలిచిపోతాయి. నిలిచిన ప్రతిచోటా చిన్న ఇన్ఫెక్షన్ గడ్డ తయారవుతుంది. స్కాన్‌లో అది గుండ్రని మచ్చగా కనిపిస్తుంది.

ఎముక క్యాన్సర్, కొన్ని రకాల కిడ్నీ క్యాన్సర్, కండరాల క్యాన్సర్ పిల్లల్లో వ్యాపించేటప్పుడు సాధారణంగా ముందు చేరేది కూడా ఊపిరితిత్తులకే. దారి అదే రక్తనాళాల దారి. మచ్చలు కూడా అలాగే గుండ్రంగా, రెండు వైపులా, ఊపిరితిత్తుల అంచుల్లో ఉంటాయి. పోలిక ఇంత దగ్గరగా ఉన్నప్పుడు అనుభవజ్ఞులైన డాక్టర్లు కూడా ఒక్క స్కాన్ చూసి ఖచ్చితంగా చెప్పలేరు.

లుకేమియా ఉన్న పిల్లల్లో ఇలాంటిదే మరొకటి జరుగుతుంది. తెల్ల కణాలు బాగా తగ్గి, మళ్ళీ పెరిగే రోజుల్లో జ్వరం వదలకపోవచ్చు. కాలేయంలో, ప్లీహంలో చిన్న చిన్న మచ్చలు కనిపించవచ్చు. అది క్యాండిడా అనే ఫంగస్ వల్ల కావచ్చు. మన దేశంలో క్షయ వ్యాధి కూడా ఎక్కువ కాబట్టి డాక్టర్లు దానినీ దృష్టిలో పెట్టుకుంటారు.

పెట్ స్కాన్‌లో తెలియదా?

చాలామంది ఇలా అడుగుతారు. పెట్ స్కాన్‌లో చక్కెర వంటి పదార్థాన్ని ఎక్కిస్తారు. చురుకుగా ఉన్న కణాలు దానిని ఎక్కువగా పీల్చుకుని మెరుస్తాయి. క్యాన్సర్ కణాలు మెరుస్తాయి. ఇన్ఫెక్షన్‌తో పోరాడే కణాలూ అలాగే మెరుస్తాయి. కాబట్టి "పెట్ స్కాన్‌లో వెలిగింది" అంటే అక్కడ ఏదో జరుగుతోందని అర్థం. అది క్యాన్సరేనని రుజువు కాదు.

రిపోర్టులోని మాటలకు అర్థం

స్కాన్ రిపోర్టు చదివి భయపడే ముందు ఈ మాటల అర్థం తెలుసుకోండి. "మెటాస్టాసిస్" అంటే క్యాన్సర్ వేరే చోటికి పాకడం. "సస్పీషియస్" అంటే అనుమానం ఉంది అని. తేలిపోయింది అని కాదు. "రూల్ అవుట్" అంటే అది ఉందో లేదో తేల్చుకోండి అని. "క్లినికల్ కోరిలేషన్" అంటే రోగి లక్షణాలు, జ్వరం, రక్త పరీక్షలతో కలిపి చూసి నిర్ణయించండి అని. రిపోర్టు రాసే డాక్టరు చాలాసార్లు బిడ్డను చూసి ఉండరు. ఆయనకు జ్వరం సంగతి తెలియకపోవచ్చు. ఆ సమాచారం ఇవ్వగలిగినవారు మీరే.

డాక్టర్లు ఎలా తేలుస్తారు?

మొదటిది జ్వరం వివరాలు. లైనులో మందు గాని, సెలైన్ గాని ఎక్కించిన కొద్దిసేపటికి చలి, వణుకు వస్తే లైనును అనుమానించాలి. క్యాన్సర్ వల్ల కూడా జ్వరం రావచ్చు గాని ఈ విధంగా రావడం అరుదు.

రెండోది బ్లడ్ కల్చర్. లైను నుంచి ఒకటి, చేతి నరం నుంచి ఒకటి ఒకే సమయంలో తీస్తారు. లైనుకు రెండు దారులుంటే రెండింటి నుంచీ తీస్తారు. లైను రక్తంలో క్రిములు చేతి రక్తం కంటే కనీసం రెండు గంటల ముందు పెరిగితే మూలం లైనేనని గట్టి ఆధారం. ఎక్కువ క్రిములు ఒకటి రెండు రోజుల్లో పెరుగుతాయి. కొన్ని మొండి క్రిములకు, ఫంగస్‌కు ఎక్కువ సమయం, ప్రత్యేక పరీక్షలు కావాలి. కాబట్టి ఒక్క కల్చర్‌లో ఏమీ రాకపోయినంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదని అనుకోరు.

మూడోది ఎకో పరీక్ష. లైను కొసకు గాని గుండె కవాటానికి గాని గడ్డ అంటుకుందేమో చూస్తారు.

నాలుగోది మళ్ళీ స్కాన్ తీయడం. ఇన్ఫెక్షన్ మచ్చలు రోజుల్లో, వారాల్లో మారుతూ ఉంటాయి. కొన్నింటి మధ్యలో గుల్ల ఏర్పడుతుంది. సరైన మందు పడితే చిన్నవవుతాయి. క్యాన్సర్ మచ్చలు యాంటీబయాటిక్ మందులకు తగ్గవు.

ఐదోది బయాప్సీ. అనుమానం తీరకపోతే మచ్చ నుంచి చిన్న ముక్క తీస్తారు. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. క్యాన్సర్ పరీక్షకు పంపే ముక్కను ఫార్మలిన్ అనే ద్రవంలో వేస్తారు. అందులో క్రిములు చనిపోతాయి, కల్చర్ చేయడం కుదరదు. అందుకే ముక్కలో కొంత భాగాన్ని ఫార్మలిన్ వేయకుండా కల్చర్ పరీక్షకు పంపాలి. "రెండు పరీక్షలకూ పంపుతున్నారా డాక్టరుగారూ?" అని ముందే అడగడంలో తప్పు లేదు.

చికిత్స ఎలా ఉంటుంది?

రక్తంలో ఏ క్రిమి ఉందో తెలిసిన తర్వాత దానికి తగిన మందు ఇస్తారు. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా గాని, క్యాండిడా ఫంగస్ గాని ఉంటే సాధారణంగా లైను తీసేయవలసి వస్తుంది. కొన్ని ఇతర క్రిముల విషయంలో లైను ఉంచే మందులతో ప్రయత్నిస్తారు. ఊపిరితిత్తుల్లో మచ్చలు వచ్చినప్పుడు మందు సాధారణంగా 4 నుంచి 6 వారాలు కావాలి. "జ్వరం తగ్గింది కదా, ఇక ఇంజెక్షన్లు ఎందుకు" అని మధ్యలో ఆపకండి. లైను తీసేశారంటే క్యాన్సర్ చికిత్స వదిలేశారని కాదు. ఇన్ఫెక్షన్ తగ్గాక కొత్తది అమర్చవచ్చు. కీమోథెరపీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్లు నిర్ణయిస్తారు.

రెండు వైపులా పొరపాటు పడవద్దు

ఈ వ్యాసం చదివి "మా బిడ్డ మచ్చలు కూడా ఇన్ఫెక్షనే అయి ఉంటాయి" అని తీర్మానించుకోవద్దు. కొన్నిసార్లు మచ్చలు నిజంగా క్యాన్సర్ వ్యాపించడం వల్లే వస్తాయి. కొన్నిసార్లు రెండూ కలిసి ఉంటాయి. అప్పుడు ఆలస్యం చేయడమూ ప్రమాదమే. మేము చెప్పేది ఒక్కటే. తేలకముందే ఆశ వదులుకోవద్దు, తేలకముందే ధీమా పడవద్దు. పరీక్షలు పూర్తయ్యే వరకు ఆసుపత్రి వదిలి వెళ్ళవద్దు.

వ్యాపించిందని తేలినా దారులన్నీ మూసుకుపోయినట్లు కాదు. ఎముక క్యాన్సర్‌లో ఊపిరితిత్తుల మచ్చలు కొద్దిగా ఉంటే ఆపరేషన్‌తో తీసివేసే అవకాశం కొందరికి ఉంటుంది. ఆ మాట కూడా డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి.

ఇంట్లో పాటించవలసినవి

1. ఇంట్లో థర్మామీటరు ఉంచుకోండి. చేయి పెట్టి చూసి జ్వరం లేదనుకోవద్దు. చంకలో గాని నోటిలో గాని చూడండి. మలద్వారంలో థర్మామీటరు పెట్టకూడదు.

2. జ్వరం 100.4 డిగ్రీలు లేదా అంతకు మించితే, లేదా జ్వరం లేకున్నా చలి, వణుకు వస్తే, రాత్రి అయినా సరే వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరండి. తెల్లవారే దాకా ఆగవద్దు. ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ పడడం ముఖ్యం.

3. డాక్టరుకు చెప్పకుండా పారాసెటమాల్ వేయవద్దు. జ్వరం దిగిపోతుంది, రోగం దాగిపోతుంది.

4. మందుల షాపులో గాని, ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర గాని యాంటీబయాటిక్ మాత్రలు తీసుకోవద్దు. రెండు మాత్రలు పడినా కల్చర్‌లో క్రిమి దొరకకపోవచ్చు. అప్పటికే ఇచ్చి ఉంటే దాచకుండా చెప్పండి. ఎవరూ కోప్పడరు.

5. లైను ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. మీకు నేర్పనివారు ఎవరూ లైనులో సూది గుచ్చకూడదు. అక్కడ ఎవరైనా లైను మూతను తుడవకుండా సూది గుచ్చబోతే "సిస్టర్, తుడిచారా?" అని మర్యాదగా గుర్తు చేయండి.

6. స్నానం చేసేటప్పుడు లైను, కట్టు తడవకుండా కప్పండి. చెరువులో, కాలువలో ఈతకు పంపవద్దు. కట్టు తడిసినా, ఊడినా అదే రోజు మార్పించండి.

7. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. లైనులో మందు ఎక్కించిన తేదీ, సమయం, జ్వరం ఎంత, చలి ఎప్పుడు వచ్చింది, ఏ మందు వేశారు అన్నీ రాయండి. చదవడం రానివారు పెద్ద పిల్లలతో రాయించండి. పై కథలో దారి చూపించింది స్కాన్ కాదు, తల్లికి గుర్తున్న ఆ రెండు రోజులే.

ఈ జాగ్రత్తలు ఎంత పనిచేస్తాయో రుజువైంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో లైను వేసేటప్పుడు చేతులు కడగడం, క్లోర్‌హెక్సిడిన్ మందుతో చర్మం తుడవడం, పూర్తిగా గౌను, గ్లవ్స్, మాస్కు వాడడం, తొడ దగ్గర లైను వీలైనంత వరకు వేయకపోవడం, అవసరం లేని లైను తీసేయడం అనే ఐదు నియమాలు పాటించారు. లైను ఇన్ఫెక్షన్లు మూడింట రెండు వంతుల వరకు తగ్గాయి. డాక్టర్ పీటర్ ప్రొనోవోస్ట్ బృందం ఈ ఫలితాలను 2006లో ప్రచురించింది. ఆ పని చేసింది కొత్త యంత్రాలు కాదు, శుభ్రత పాటించిన చేతులే.

డాక్టరుగారిని అడగవలసిన ప్రశ్నలు

రిపోర్టులో కొత్త మచ్చలు ఉన్నాయని చెప్పినప్పుడు మనసు మొద్దుబారిపోతుంది. ఏమి అడగాలో తోచదు. అందుకని ఈ ప్రశ్నలు రాసుకుని దగ్గర పెట్టుకోండి.

ఈ మచ్చలు ఇన్ఫెక్షన్ వల్ల వచ్చి ఉండవచ్చా?
లైను నుంచి, చేతి నుంచి రెండు చోట్లా కల్చర్ పంపారా?
ఎకో పరీక్ష అవసరమా?
స్కాన్ చూసిన డాక్టరుకు జ్వరం సంగతి తెలుసా?
మళ్ళీ స్కాన్ ఎప్పుడు తీస్తారు?
బయాప్సీ చేస్తే ముక్కను కల్చర్‌కు కూడా పంపుతారా?

డాక్టరుగారు రౌండ్స్‌లో తొందరలో ఉంటే సిస్టర్‌కు చెప్పి కూర్చుని మాట్లాడే సమయం అడగండి. ఖర్చు భారమైతే చికిత్స ఆపేసే ముందు ఆసుపత్రి సోషల్ వర్కర్‌ను కలవండి. ఇంటి పెద్దలను కూడా ఆ మాటలకు వెంట తీసుకురండి. నాయనమ్మకు మనవడి మీద ప్రేమ లేక కాదు, విషయం ఎవరూ వివరించలేదు కాబట్టే "ఇంటికి పోదాం" అంటుంది. వివరంగా చెబితే ఆమే మీకు ధైర్యం చెబుతుంది.

చివరగా, బిడ్డతో కూడా మాట్లాడండి. పదేళ్ళు దాటిన పిల్లలు పెద్దల ముఖాలు చూసే సగం గ్రహిస్తారు. "ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి. అవి ఏమిటో డాక్టరుగారు పరీక్ష చేసి చెబుతారు. అప్పటిదాకా మేమంతా నీ దగ్గరే ఉంటాం" అని చెప్పండి. అబద్ధం చెప్పనక్కరలేదు, భయపెట్టనక్కరలేదు. ఆ రోజుకు నిజం అంతే.